పడవలో లేని సత్యనారాయణ

పదకొండేళ్లుగా ఒక శాలువా మా బీరువా అడుగున ఉంది. ఇంటికి తెచ్చాక ఒక్కసారీ కప్పుకోలేదు. పారేయనూ లేదు. దాని బరువేమిటో మా ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు. మీకు చెబుతున్నాను.

నా పేరు సత్యనారాయణ. అంతమాత్రాన నేనెవరో మీకు తెలియదు. రాజోలు వైపు ఏ రేవులో నిలబడి ఈ పేరు పిలిచినా నలుగురు తల తిప్పుతారు. మా ఊళ్లో ఈ పేరున్నవాళ్లమే ఇద్దరం. బడిలో తెలుగు చెబుతూ సభల్లో పద్యాలు పాడే నేను పద్యాల సత్యనారాయణ. గోదావరి ఎంత పొంగినా పడవ నడపగల అతను రేవు సత్యనారాయణ.

పదకొండేళ్ల కిందటి వరదలో లంకలో చిక్కుకున్నవాళ్లని అతనూ తమ్ముడూ మూడు విడతలుగా ఒడ్డుకు చేర్చారు. నాలుగోసారి వెళ్తూ తమ్ముడు సుడిలో పోయాడు. వాళ్లు ఆ చివరిసారి పడవెక్కినప్పుడు రేవులో ఉన్నది నేనొక్కణ్ణే. అప్పటిదాకా ఒడ్డుకు చేరి వెళ్లిపోయినవాళ్ల పేర్లు రాసుకుంటున్నాను.

సాయపడినవాళ్ల జాబితా మండలాఫీసుకు రాసిచ్చిందీ నేనే. 'సత్యనారాయణ' అని రాశాను. ముందు 'రేవు' అని రాయలేదు. మరిచిపోయానా? చాలాకాలం అలాగే నమ్మాను. మరి తండ్రి పేరు రాయాల్సిన గడి ఎందుకు ఖాళీగా వదిలాను?

పంద్రాగస్టు సభలో పేరు పిలిచారు. వేదిక మీదివాళ్లు నన్నెరిగినవాళ్లు, నావైపే చూసి చప్పట్లు కొట్టారు. లేచి వెళ్లి ఆ శాలువా కప్పించుకున్నాను. అతను తమ్ముడి దినాల్లో ఉన్నాడు.

వారం తర్వాత బడి గుమ్మం బయట నిలబడ్డాడు.

"మాస్టారండీ, ఆవేళ పడవలో తమరూ ఉన్నారటండి? నాకు కనపళ్లేదండి."

"హడావుడిలో చూసుండవు."

"ఆయ్. అయితే మంచిదేనండి. మా తమ్ముడు తాగి ఏట్లో పడ్డాడని రాసేసేరండి కాయితాల్లో. నా మాట నమ్మట్లేదండి, అన్నని కదండీ. మా మరదలు వీధిలోకి రాలేకపోతందండి. తమరు చూసేరు కదా, జనాన్ని తేడానికెళ్లే పోయేడని ఒక్క ముక్క రాసివ్వండి."

చూసిన మాట నిజమే. అతని తమ్ముడు తూలకుండా, తెడ్డు అందుకుని, నన్ను పక్కకు జరగమని పడవెక్కాడు. అది రాయొచ్చు. కానీ రాస్తే నేను ఎక్కడ నిలబడి చూశానో కూడా రాయాలి.

"చూద్దాంలే" అన్నాను.

అతను మళ్లీ అడగలేదు. నిజం తెలిసే ఆ రోజు అలా అడిగాడా? నాకొక దారి చూపించాడా? ఆ ప్రశ్నతో ఎన్నిసార్లు రేవు దాకా వెళ్లి వెనక్కొచ్చానో.

పోయిన నెల అతను పోయాడు. పాత శిష్యుడొకడు ఫోన్ చేశాడు. "అమ్మయ్య, ఉన్నారా మాస్టారూ! సత్యనారాయణ గారు పోయేరంటే మీరే అనుకున్నామండి. ఎవరో పడవాయనటండి." నవ్వాడు. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేసి ఈ కాగితం తీసుకున్నాను.

రేవు సత్యనారాయణ మరదలు ఇంకా గోడవారగానే నడుస్తుంది. ఈ కాగితం ఆమె చేతికి ఇవ్వగలనో లేదో తెలియదు. ఇచ్చినా ఆ పదకొండేళ్లు ఆమెకు తిరిగి రావు. ఇంత మాత్రం రాయగలిగాను: అతని తమ్ముడు తాగలేదు. జనం కోసం పడవెక్కాడు. నేను ఒడ్డున నిలబడి చూశాను.