యాభై తొమ్మిది రోజులు ఆలస్యమైన కబురు

మా అపార్ట్‌మెంటు డాబా మీద వానలు రాకముందే తారు పూయిస్తున్నారు. ఆటోనగర్ నుంచి వచ్చిన ఇద్దరు మనుషులు డబ్బా కింద మంట పెట్టి తారు కాస్తుంటే, ఆ ఘాటు మెట్ల మీదుగా దిగి, కిటికీ సందుల్లోంచి నా గదిలోకి వచ్చి, పొద్దుటి నుంచి నన్ను ఏ పనీ చేసుకోనివ్వడం లేదు. కోడలు తలుపులు మూసుకోమని రెండుసార్లు చెప్పి వెళ్ళింది. నేను మూసుకోలేదు. తొంభై దాటిన వాడికి ముక్కు ఇంకా పనిచేస్తున్నందుకు సంతోషించాలో, అది తీసుకుపోయే చోటికి జంకాలో తెలియక, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి ఊరికే కూర్చున్నాను.

ఆ వాసనకి నాకు గుర్తొచ్చేది రోడ్డు కాదు, తారు పూసిన పడవ కడుపు. మా నాన్నకి ఒక పడవ ఉండేది. మా ఊరు కంకిపాడుకి దిగువన, బందరు కాలవ గట్టున. బెజవాడ నుంచి నూలు బేళ్ళు వేసుకుని మచిలీపట్నం వైపు మగ్గాలాడే ఊళ్ళకి దింపి, తిరుగు దారిలో బట్టల మూటలు ఎక్కించుకుని రావడం మా బతుకు. ఎగువకి వెళ్ళేటప్పుడు గట్టు మీద నాన్నా, యాకోబూ భుజాలకి తాడు వేసుకుని లాగుతుంటే, నేను వెనక చుక్కాని పట్టుకుని కూర్చునేవాణ్ణి. అప్పటికి నాకు పదేళ్ళు. యాకోబు మా పడవ మీద నాకు ఊహ తెలియకముందు నుంచి ఉన్న మనిషి. గట్టు మీద, నలుగురిలో, అందరిలాగే నేనూ అతన్ని పేరు పెట్టి పిలిచేవాణ్ణి. పడవలో మాత్రం మామా అనేవాణ్ణి. ఈ తేడా అతనికి తెలుసు. ఒకసారి నవ్వుతూ, "నీళ్ళ మీద చుట్టరికం, నేల మీద లేదేం అబ్బాయ్?" అన్నాడు.

కాలవ మీద బతికేవాళ్ళకి ఏడాది ఉగాదితో మొదలవదు, కాలవ కట్టడంతో ముగుస్తుంది. ఎండాకాలం వచ్చేసరికి బెజవాడ ఆనకట్ట దగ్గర తలుపులు దించేసి కాలవలకి నీళ్ళు ఆపేస్తారు. ఆ రోజు లోపల పడవలన్నీ పడవల్ని మట్టం మార్చి దాటించే పై లాకు దగ్గర ఉన్న లోతైన మడుగులోకి చేరుకోవాలి. అక్కడ ఎండాకాలం పొడుగునా నీళ్ళు నిలుస్తాయి. చేరుకోలేని పడవ ఎక్కడున్నది అక్కడే బురదలో కూలబడుతుంది. అంతటితో పోదు. చెక్క పడవ నీళ్ళలో నానుతున్నన్నాళ్ళే పడవ. ఎండకి ఎండితే పలకలు కుంచించుకుపోయి అతుకులు విడిపోతాయి, మళ్ళీ నీళ్ళు వచ్చేసరికి అది వంటచెరకు.

ప్రపంచ యుద్ధం ఇంకా ముగియని ఆ ఏడు, శ్రీరామనవమికి ముందు రోజు మధ్యాహ్నం నేను గట్టు కింద పీతల బొరియల్లో పుల్ల పెడుతుంటే, కాలవ లస్కరు సైకిలు దిగి నన్ను పిలిచాడు. లస్కరంటే తలుపులూ గట్లూ చూసుకునే సర్కారు మనిషి.

"ఒరే, మీ నాన్నకి చెప్పు. ఈ ఏడు కాలవ ముందే కట్టేస్తన్నారు. గురువారం కాదు, ఎల్లుండి పొద్దున్నే. రేపు తెల్లారగానే పడవ కదలాల. వింటన్నావా? ఆ పీతని వదిలేసి పరిగెత్తు."

పరిగెత్తాను. సగం దూరం వెళ్ళాక కాళ్ళు నెమ్మదించాయి. రేపు పడవ కదిలిందంటే చుక్కాని దగ్గర నేనుండాలి. రేపు నవమి. రామాలయం ముందు తాటాకు పందిరి వేసి, కొబ్బరి మట్టలు కట్టి, దాని కింద కొత్త ఇసుక పరిచారు. ఇత్తడి గంగాళంలో మిరియాలూ యాలకులూ దంచి వేసిన పానకం, నానబెట్టిన వడపప్పులో కోరిన కొబ్బరీ, మామిడి తురుమూ, వచ్చినవాళ్ళకి పంచడానికి కొత్త తాటాకు విసనకర్రలు. ఆ ఏడు మొట్టమొదటిసారి పానకం గరిటె నా చేతికిస్తానని పూజారిగారు మాటిచ్చారు. నేను వారం రోజులుగా చెంబుతో నీళ్ళు పోస్తూ, చుక్క ఒలక్కుండా పంచడం నేర్చుకుంటున్నాను.

సాయంత్రం చెబుదామనుకున్నాను. సాయంత్రం నాన్న తాడు పేనుకుంటున్నాడు, అన్నాలయ్యాక చెబుదామనుకున్నాను. అన్నాలయ్యాక నిద్రొచ్చింది. నవమి పొద్దున, పందిట్లోకి వెళ్ళి రాగానే చెబుదామనుకున్నాను. పానకం పంచాను, ఒక్క చుక్క కూడా ఒలకలేదు, పూజారిగారు మెచ్చుకున్నారు. కాలవలో పడవలు వరసగా ఎగువకి పోతుంటే నాన్న పందిట్లోంచి చూసి, "మడుగులో మంచి చోటు కోసం ముందే పోతన్నారు, పిచ్చోళ్ళు. మనకింకా నాలుగు రోజులుంది" అని నవ్వాడు. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. ఆలస్యమైన కబురులో ఇదొక చిత్రం: మొదటి గంటలో అది కబురు, రెండో రోజుకి అది నేరం. నేరాన్ని ఒప్పుకోవడం కబురు చెప్పినంత సులువు కాదు.

ఆ సాయంత్రమే యాకోబు తన పల్లెకి వెళ్ళాడు. మర్నాడు మట్టల ఆదివారం, వాళ్ళ కిరస్తానీ పల్లెలో పెద్ద పండగ. వారం ముందే సెలవడిగాడు, నాన్నే వెళ్ళిరమ్మన్నాడు.

ఆదివారం తెల్లవారుతుంటే ఆఖరి పడవవాడొకడు గట్టు మీంచి కేకేశాడు. "ఏమయ్యా, ఇంకా రేవులోనే ఉన్నావ్! తలుపులు దించుతున్నారు ఈ పూట!" నాన్న ముఖంలో రక్తం లేదు. ఎదురు వాలులో పడవని ఒక్కడే లాగలేడు. నన్ను యాకోబు కోసం తరిమాడు. పల్లె రెండు మైళ్ళు. నేను వెళ్ళేసరికి వాళ్ళంతా చేతుల్లో లేత కొబ్బరాకులు పట్టుకుని, పాడుకుంటూ గుడి చుట్టూ తిరుగుతున్నారు. యాకోబు ఉతికిన పంచె కట్టుకుని, కూతుర్ని భుజాన ఎక్కించుకుని అందరికంటే ముందున్నాడు. అలా నవ్వుతున్న యాకోబుని నేను అంతకుముందు చూడలేదు. చెప్పగానే పిల్లని దించేసి, చేతిలో ఆకుతోనే నా వెంట పరిగెత్తుకొచ్చాడు.

మేం బయల్దేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. రేవులో రెండు మెట్లు అప్పటికే బయటపడ్డాయి. వాళ్ళిద్దరూ నేలకి వంగిపోయి లాగుతుంటే, నీళ్ళు నా కళ్ళ ముందే గట్టు నుంచి జరిగిపోతున్నాయి. లాకు ఇంకా రెండు మైళ్ళుందనగా పడవ అడుగు ఇసుకకి తగిలి, ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది.

నాన్న భుజం మీది తాడు కింద పడేశాడు. "పొద్దున్నే నువ్వుంటే చేరేవాళ్ళం" అన్నాడు.

"సెలవిచ్చారు కదండీ ఆసామిగారూ" అన్నాడు యాకోబు.

"ఇచ్చాను. బుద్ధి తక్కువై ఇచ్చాను. మళ్ళీ కాలవ వదిలేదాకా ఈ పడవని నువ్వే తడుపు. తేలిన రోజున నీ దారి నీది."

నేను చుక్కాని పట్టుకునే ఉన్నాను. తిప్పడానికి నీళ్ళు లేని చుక్కాని.

ఆ తరవాత రోజులన్నీ ఒకే రోజులాగా జ్ఞాపకం. కాలవ అడుగున ఇసుకలో చెలమ తవ్వి, అందులో ఊరిన నీళ్ళు కుండలతో మోసి, పడవ చుట్టూ కప్పిన గోనెల మీద, గడ్డి మీద పోయాలి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం రెండుసార్లు, పొద్దు వాలాక ఒకసారి. బడికి సెలవులిచ్చారు గనక నేనూ అక్కడే. మా అమ్మ నాలుగు మైళ్ళ నుంచి బండ్లవాళ్ళతో చద్దన్నం, కొత్తావకాయ పంపేది. వడగాలి మొదలయ్యాక మధ్యాహ్నాలు పడవ కడుపులో దూరి పడుకునేవాళ్ళం. తారు కరిగి వీపుకి అంటుకునేది. పైన ఆకాశం, రెండు పక్కలా ఎత్తైన గట్లు. ఎటు చూసినా మట్టిగోడే. గట్టు మీంచి పోయేవాళ్ళు ఊరుకుంటారా? "ఏమయ్యా పడవాసామీ, నీళ్ళు పెడతన్నావ్, మొలకలొచ్చాయా?" అని ఒకడు, "ఎద్దుల్ని కట్టు, బండన్నా అవుద్ది" అని ఒకడు. నాన్న తల ఎత్తేవాడు కాదు. యాకోబే జవాబు చెప్పేవాడు: "కాపుకొచ్చాక కబురంపుతాంలే, బుట్ట తెచ్చుకో."

నాన్న యాకోబుతో మాట్లాడడం మానేశాడు. "గోనె ఆరిందని చెప్పు" అని నాతో అనేవాడు, యాకోబు పక్కనే ఉండగా. నేను ఆ మాట మోసేవాణ్ణి. మోయాల్సిన మాట ఒకటి మోయనివాణ్ణి, రోజుకి పది మాటలు ఇటూ అటూ మోశాను. పడవ లోపల పలక మీద, నవమి నాటి నుంచి లెక్కేసి, రోజుకొక బొగ్గు గీత గీసేవాణ్ణి, ప్రతి గీత గీసేటప్పుడూ రేపు చెప్పేద్దామనుకునేవాణ్ణి. తాటిముంజలు వచ్చిన రోజు, నాన్న ముఖంలో కాస్త నవ్వు చూసి, దాన్ని చెడగొట్టడం ఎందుకని ఆగాను. మర్నాడు ఆయన కోపంగా ఉంటే, కోపంలో వద్దని ఆగాను. చెప్పకుండా ఉండడానికి ప్రతి రోజుకీ ఒక మంచి కారణం దొరికేది.

ఒక మధ్యాహ్నం అటువైపు పిల్లలతో గోళీలాడుతూ తడపడం మరిచాను. తిరిగొచ్చి కడుపులో దూరితే చీకట్లో సన్నటి వెలుగు గీత కనిపించింది. అతుకు విడిపోయింది. ఏడుస్తూ యాకోబుని పిలిచాను. అతను తిట్టలేదు. గుగ్గిలం నూనెలో కాచి, అందులో పీచు ముంచి, ఉలితో సందులోకి దట్టించాడు. "కనిపించిన పూటే పెట్టాల అబ్బాయ్. రేపంటే చెయ్యి పట్టేంత అవుద్ది, ఎల్లుండి తల పట్టేంత." ఆ మాట అన్నప్పుడు అతని ముఖంలోకి చూడలేక, గుగ్గిలం పొగకి కళ్ళు మండుతున్నాయని బయటికి వచ్చేశాను.

యాభై ఎనిమిదో గీత నాడు దండోరా వేశారు, మర్నాడు కాలవకి నీళ్ళు వదులుతారని. సాయంత్రం తడపడం అయ్యాక యాకోబు కుండలు కడిగి బోర్లించాడు. "వెళ్ళొస్తానండీ" అన్నాడు నాన్న వీపుతో.

మర్నాడు పొద్దున్నే నాన్నకి చెప్పాను. నిజం రాయాలంటే, యాకోబు కోసం చెప్పానో, నీళ్ళతోపాటు లస్కరు కూడా గట్టు మీదికి వచ్చి ఎలాగూ బయటపెడతాడన్న భయంతో చెప్పానో నాకు ఇప్పటికీ తేల్లేదు. కొడతాడనుకున్నాను. నాన్న చేతిలో గోనె పక్కన పెట్టి ఇసుకలో కూర్చున్నాడు.

"ఎన్ని రోజులైందిరా?"

"యాభై తొమ్మిది."

"లెక్క మాత్రం బాగా పెట్టావు." లేచి పైగుడ్డ దులుపుకున్నాడు. "చెప్పాల్సింది నాకు కాదు. నీళ్ళొచ్చేలోగా పోయి వాడికి చెప్పు. వాణ్ణి నేను రమ్మన్నానని చెప్పు."

మినుము పీకేసిన చేలకి అడ్డంపడి పరిగెత్తాను. యాకోబు మూట భుజాన వేసుకుని గుమ్మం దిగుతున్నాడు. అంతా ఒక్క గుక్కలో చెప్పేశాను, పానకం సంగతితో సహా. అతను మూట దించి, దాని పక్కనే గొంతుకూర్చున్నాడు.

"నువ్వా అబ్బాయ్" అన్నాడు. "ఆ ఆదివారం ఆకు పట్టుకుని గెంతినందుకే దేవుడు ఇలా చేశాడనుకున్నాను. మళ్ళీ గుడి గడప తొక్కలేదు. ఈస్టరుకి పిల్ల ఏడ్చినా తీసుకెళ్ళలేదు. రెండు నెల్లు అబ్బాయ్."

నాన్న రమ్మన్నాడని మాత్రం చెప్పాను.

"నిన్న చెప్పినా బాగుండేది. సున్నం మోసే పడవాయనకి రాత్రే పనికొస్తానని మాటిచ్చాను."

అయినా వచ్చాడు. మేం గట్టెక్కేసరికి ఎగువ నుంచి నీళ్ళు వస్తున్నాయి. ముందు ఎండుటాకులూ, నురగా, చచ్చిన చేపలూ దొర్లుకుంటూ వచ్చి, వెనక ఎర్రటి నీళ్ళు చెలమలో దిగి, దాన్ని నింపి, పడవ చుట్టూ చేరాయి. గోనెలు తేలాయి. చాలాసేపటికి పడవ ఒకవైపుకి ఒరిగి, లేచింది. ఎక్కడా ఒక్క చుక్క లోపలికి రాలేదు. నాన్న తాడు కొస యాకోబుకి అందించి, "తప్పు మా ఇంట్లో ఉంది యాకోబూ" అన్నాడు. యాకోబు తాడు భుజాన వేసుకున్నాడు. లాకుదాకా లాగాడు. అక్కడ తాడు చుట్ట చుట్టి నాన్న చేతికిచ్చి, సున్నం పడవకి వెళ్ళిపోయాడు. నాన్న ఉండమనలేదు. ఇచ్చిన మాట తప్పమని అడిగేవాడు కాదు.

ఆ తరవాత కాలవలో ఎదురైనప్పుడల్లా యాకోబు తాడు కింద నుంచే చెయ్యెత్తేవాడు. నేను చుక్కాని వదిలి లేచి నిలబడి, గట్టున ఎంతమంది ఉన్నా సరే, మామా అని కేకేసేవాణ్ణి. పెద్దయ్యాక గుమాస్తా ఉద్యోగంలో చేరిన రోజు నుంచి డైరీ రాస్తున్నాను. ప్రతి పేజీ మొదట చేయాల్సిన పనులు కాదు, ఆ రోజు చెప్పాల్సిన మాటా, చెప్పాల్సిన మనిషి పేరూ రాసుకుంటాను. ఫైళ్ళు ఒకటి రెండు రోజులు ఆగినా మాటలు ఆగలేదు. ఈ అలవాటు వల్ల కొందరు స్నేహితులు దూరమయ్యారు కూడా.

ఇప్పుడు యాకోబు లేడు, నాన్న లేడు. తాడు లాగేవాళ్ళు నడిచి నడిచి నున్నబడిన గట్టు బాట మీద బస్సులు పోతున్నాయి. లాకు దగ్గర మడుగు సగం చెత్తతో పూడిపోయింది. మా ఇంట్లో పిల్లలకి పడవంటే భవానీ ద్వీపానికి టిక్కెట్టు కొనుక్కుని ఎక్కేది. కాలవ మాత్రం ఇప్పటికీ ఎండాకాలం కడతారు. ఆ తేదీ పేపరు లోపలి పేజీలో, ఒక మూల, నాలుగు వరసల్లో పడుతుంది. చదవగానే నా కాళ్ళు చెప్పుల కోసం వెతుకుతాయి. కాఫీ కూడా తాగకుండా, ఈ పూటే, గట్టు మీదికి వెళ్ళి చెప్పి రావాలనిపిస్తుంది.

చెప్పడానికి కాలవలో ఒక్క పడవా లేదు.