వంకర కుట్ల బొంత

బ్రూక్‌ఫీల్డ్‌లో మా అపార్ట్‌మెంట్ కింద నిన్న స్టాళ్లు పెట్టినారు. ఒక బొంత చూసి ఆగిపోయినా. పాత చీరల వాసన లేదు, కుట్లన్నీ వంకర. ఇదేందని అడిగితే, "వంకరగా ఉంటేనే కదా మేడం, హ్యాండ్‌మేడ్ అని తెలిసేది!" అన్నది అమ్మే పిల్ల. ఒళ్లు మండిపోయింది.

మీకు గుర్తుండాదా, మన అవ్వలు బొంతను తిరగేసి మొదట వెనకవైపు కుట్టు చూసేవాళ్లు? హొసకోటెలో మా అవ్వయితే, నా కుట్టు రవ్వంత పక్కకు పోయినా, "విప్పు పాపా, చేత్తో కుట్టినట్లు తెలీకూడదు" అనేది. ఏడ్చుకుంటా విప్పేదాన్ని.

చేతిపని అంటే వంకరపని అని ఎవరు చెప్పినారప్పా వీళ్లకు? మా అవ్వే ఉంటే ఆ బొంతంతా విప్పించి, ఆ పిల్లను ఆ స్టాల్‌లోనే కూర్చోబెట్టి మళ్లా కుట్టించేది.