పేరు రాయొద్దన్న చీటీలు

ఇప్పుడు బళ్ళో ఆడపిల్లలకు ఒంటి సంగతులు చెప్పే క్లాసుంటే తలుపులు తీసే ఉంచుతున్నారు. నేను దివిసీమలో మా ఊరి హైస్కూల్లో ఆయాగా చేరిన కొత్తలో అలా కాదు. బందరు నుంచి డాక్టరు మేడం వస్తున్నారంటే చాలు, మా హెడ్మాస్టరు గారు మగపిల్లల్ని గ్రౌండుకు తోలించి, కిటికీలన్నీ నా చేత మూయించి, తాను ఆఫీసు గదిలో కూర్చుని పొద్దున చదివేసిన పేపరునే మళ్ళీ చదివేవారు. తలుపు దగ్గర కాపలా నాది. (చెవులు మూసుకోమని మాత్రం నాకెవరూ చెప్పలేదు.)

ఆ రోజు మేడం బోర్డు మీద గర్భసంచి బొమ్మ వేసి, నెలసరి ఎందుకొస్తుందో, ఎవరైనా చెయ్యి వేస్తే వద్దని గట్టిగా ఎలా అనాలో, మన ఒంటిని చూసి మనం ఎందుకు సిగ్గుపడకూడదో చెప్పారు. అడగండమ్మా అంటే ఒక్కరూ నోరు విప్పలేదు. "సరే, చీటీ మీద రాసి ఈ డబ్బాలో వేయండి. పేరు రాయొద్దు. భోజనాలయ్యాక జవాబులు చెబుతాను" అన్నారు. బెల్లు కొట్టగానే డబ్బా నా చేతికిచ్చి చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు.

సరిగ్గా అప్పుడే బడి కమిటీ ఛైర్మను గారు (మీసాల బాబాయి అనేవాళ్ళం) బండి దిగీ దిగకుండానే కేకలు మొదలుపెట్టారు. "ఏవండీ మాస్టారూ, మా పిల్లలకి ఏం నేర్పుతున్నారండీ మీరు? ఆ చీటీలేవో తెప్పించండి, చూద్దాం!"

హెడ్మాస్టరు గారు నన్ను పిలిచారు. వరండాలో రెండడుగులు వేశానో లేదో, ఎనిమిదో తరగతి పిల్ల నా చెంగు పట్టుకుంది. ఆ బాబాయి కూతురే.

"ఆయమ్మా, నా చీటీ తీసెయ్యవా! నేను పెద్దమనిషినయ్యి రెండు నెలలైంది. ఇంట్లో చెప్పలేదు. అదే రాశాను. పైన పేరు కూడా రాసేశాను."

"వద్దన్నారు కదే తల్లీ!"

"కాయితం ఇచ్చేసరికి చెయ్యి దానంతటదే రాసేసింది."

మూత తీసి చూస్తే ఆ పిల్లే కాదు, అందరిదీ అదే వరస. పేరు, తరగతి, రోల్ నంబరు. ఇద్దరు మార్జిను కూడా కొట్టారు. యూనిట్ టెస్టుల పుణ్యం! నేనా, ఏడో తరగతితో ఆగినదాన్ని, కూడబలుక్కుని చదవాలి. నలభై చీటీల్లో వెతికే వ్యవధి ఏది?

"నా చేతిరాత గుర్తుపడతాడేమో, ఆయమ్మా."

"ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టడం తప్ప మీ నాన్న నీ పుస్తకం ఎప్పుడైనా తెరిచాడా? ఫో!"

పదేసి చీటీలు కలిపి పట్టుకుని పైభాగం పర్రుమని చింపి, ఆ ముక్కలన్నీ బొడ్లో దోపుకుని గదిలోకి వెళ్ళాను.

"ఇవన్నీ పైన చిరిగున్నాయేంటి?" అన్నారు బాబాయి.

"ఎలక కొట్టిందండీ."

"అన్నిటినీ ఒకే వరసలోనా?"

హెడ్మాస్టరు గారు పేపరు దించకుండానే, "మా బళ్ళో ఎలకలకి కూడా క్రమశిక్షణ ఎక్కువ లెండి" అన్నారు.

బాబాయి ఒక్కో చీటీ గట్టిగా చదువుతున్నారు. నాలుగోదో ఐదోదో చదువుతుంటే గొంతు తగ్గింది. "నేను పెద్దమనిషినైన సంగతి ఇంట్లో చెప్పలేదు. చెబితే మా నాన్న సెంటర్లో నా ఫోటోతో ఫ్లెక్సీ కట్టిస్తారు. మగపిల్లలందరూ చూస్తారు. దాచడం తప్పా?"

బొడ్లో కాయితాలు ముళ్ళలా గుచ్చుకుంటున్నాయి. ఊపిరి పీలిస్తే చప్పుడు చేస్తాయేమోనని బిగబట్టాను.

"ఎవరి పిల్లో, పాపం" అన్నారాయన. చీటీ మళ్ళీ ఒకసారి చూసుకుని, "మా అమ్మాయికింకా టైముంది గానీ, నేనూ ఫ్లెక్సీ డిజైను చూసి పెట్టుకున్నానండీ" అన్నారు. నవ్వబోయారు గానీ మీసం కదల్లేదు.

మేడం గుమ్మంలోకి వచ్చి అంతా వింటూనే ఉన్నారు. "అయితే దీనికి జవాబు మీరే చెప్పండి సార్."

"తప్పు కాదని చెప్పండి. వాళ్ళ నాన్నతో చెప్పుకోవచ్చని కూడా చెప్పండి" అని, చీటీ మడిచి డబ్బాలో వేసి, ఎవరి వంకా చూడకుండా వెళ్ళిపోయారు.

తర్వాతి వారం ఆ పిల్ల వచ్చి, "ఇంట్లోనే నువ్వుల చిమ్మిలి పెట్టారు ఆయమ్మా. నాన్న ఎవర్నీ పిలవలేదు. బడి మానొద్దన్నాడు" అని చెప్పి పరుగెత్తింది.

నా వంతు వచ్చినప్పుడు పదకొండు రోజులు చాప మీద కూర్చోబెట్టారు. లేచాక బడికి పంపలేదు. ఎందుకని నేనూ అడగలేదు. ఆ క్లాసు జరిగిన రోజు సాయంత్రం గది ఊడుస్తూ, ఎవరూ లేరు కదా అని ఆఖరి బెంచీలో కూర్చున్నాను. మోకాళ్ళు ఇరుక్కుపోయాయి. ఇప్పటికీ తలచుకుంటే నవ్వొస్తుంది. పాతికేళ్ళ దాన్ని, ఇద్దరు పిల్లల తల్లిని, చీపురు ఒళ్ళో పెట్టుకుని, ఎవరైనా వచ్చి హాజరు పిలుస్తారేమోనని కాసేపు ఎదురుచూశాను.