మా బాబాయిని ఎవరూ తొయ్యలేదు

పోయిన మంగళవారం ఉదయం మా బాబాయి చనిపోయాడు. తుంటి విరిగి మూడు నెలలు మంచంలో ఉన్నాడు. అది ఎలా విరిగిందో మీలో కొందరు టీవీలో చూసే ఉంటారు. మీరు చూసింది అబద్ధం. అందుకే ఇది రాస్తున్నాను.

చిలకలూరిపేట దగ్గర మా ఊళ్లో, కల్లంలో ఆడవాళ్లు మిరపకాయల తొడిమలు తీస్తుంటే బాబాయి పేపర్ చదివి వినిపించేవాడు. రెండు పార్టీల పేపర్లూ తెప్పించేవాడు. నేను ఇంట్లో పూజ ముగించి వచ్చేదాకా తెరిచేవాడు కాదు. "పెద్దమ్మాయ్, హారతి ఇచ్చేశావా? ఇక తిట్లు మొదలెట్టనా?" అనేవాడు. ఎవరైనా ఏదైనా సంగతి మోసుకొస్తే ఒకటే మాట: "నువ్వు చూశావా? చూస్తే చెప్పు. లేకపోతే చూసినవాణ్ణి అడుగు."

తుంటి విరిగిన రోజు సెంటర్లో రెండు పార్టీలవాళ్లు మిరప ధర మీద అరుచుకుంటున్నారు. బాబాయి టీ తాగి పక్కనుంచి వస్తున్నాడు. చెప్పు తెగి, మురుగుకాలవ గట్టు మీద పడ్డాడు. ఎవరో ఫోన్లో తీశారు. సాయంత్రానికి ఒక చానల్లో "వృద్ధ రైతుపై దాడి". ఇంకో చానల్లో "దాడి పేరుతో నాటకం". రెండు చానళ్ల వాళ్లూ ఆస్పత్రికి వచ్చారు. నేను మంచం పక్కనే ఉన్నాను. "ఎవరూ తొయ్యలేదు బాబూ, చెప్పు తెగి పడ్డాను" అని ఇద్దరికీ చెప్పాడు. ఆ మాట ఎందులోనూ రాలేదు.

బాబాయి కొడుకులిద్దరిదీ చెరో పార్టీ. అయినా అప్పటిదాకా వాదించుకుంటూనే ఒకే బండి మీద పొలం వెళ్లేవాళ్లు.

"భయపడి దాస్తున్నాడక్కా. తోసింది టీవీలో కనపడుతుంటే" అన్నాడు పెద్దవాడు.

"పడింది నేనురా" అన్నాడు బాబాయి.

"అన్న పడమంటే పడ్డావంట కదా నాన్నా" అన్నాడు చిన్నవాడు.

బాబాయి నవ్వబోయాడు. వాడు నవ్వడం లేదని చూసి, మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

అన్నదమ్ములకి ఆ రోజు నుంచి మాటల్లేవు. చూడవచ్చిన వాళ్లందరికీ బాబాయి చెప్పు తెగిన సంగతే చెప్పేవాడు. వాళ్లు తలూపి, గుమ్మం దాటాక తమ చానల్ మాటే చెప్పుకునేవాళ్లు. చివరి వారం చెప్పడం మానేశాడు.

దేవుడి ముందు కూర్చున్నా నా కోపం చల్లారడం లేదు. ఆయన విరిగిన తుంటి రెండు చానళ్లకీ కావాల్సి వచ్చింది. ఆయన నోటి మాట ఒక్కరికీ అక్కర్లేకపోయింది. కన్నతండ్రిని కాదని వాళ్లని నమ్మిన నా తమ్ముళ్ల మీదా అంతే కోపం.

మూడో రోజు చిన్నదినానికి వీధి మొదట్లో రెండు ఫ్లెక్సీలు వెలిశాయి. ఒకదాని మీద "దాడిలో అమరుడైన రైతన్న". రెండోదాని మీద "కుట్రకు బలైన పెద్దాయన". రెండింట్లోనూ అదే ఫొటో.

"ఎవరిది వాళ్లు తీసెయ్యండిరా" అన్నాను.

"ముందు వాణ్ణి తియ్యమను" అన్నారు ఇద్దరూ.

ఇప్పుడే గడప దాటకూడదని ఎవరో అంటున్నా వినకుండా పిన్ని కొడవలి పట్టుకుని వెళ్లి, రెండింటి తాళ్లూ కోసింది. మబ్బు పట్టింది. వాకిట్లో కాయలు ఆరబోసి ఉన్నాయి. ఫ్లెక్సీలు బోర్లా తిప్పి వాటి మీద కప్పింది. గాలికి అంచులు లేస్తున్నాయి. కొడుకులు చెరో పక్కన నిలబడి చూస్తుంటే, తనే వంగి వంగి ఒక్కో ఇటుకా పెట్టుకుంటూ వెళ్లింది.