మత్తయి ఎంఆర్‌ఐకి వెళ్లిన రోజు

ఎల్‌బీ నగర్‌లో ఓ గల్లీలో గేట్లు, కిటికీ గ్రిల్స్ వెల్డింగ్ చేసే మత్తయికి అరవై దాటాయి. భార్య ఎలీశమ్మ కరోనాలో పోయింది. పిల్లలు లేరు. పగలంతా ఇనుము చప్పుడు, షాపు మూశాక గదిలో ఫ్యాను చప్పుడు.

మూత్రం సరిగా రావడం లేదని దిల్‌సుఖ్‌నగర్‌లో డాక్టర్ మల్లికార్జునరావుకు చూపించుకుంటే, రక్తపరీక్షలో పీఎస్‌ఏ ఎక్కువని తేలింది. ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ ఉందేమో చూడాలన్నాడాయన.

"ఇప్పుడే సూదితో ముక్క తియ్యక్కర్లేదండి. ముందు ఎంఆర్‌ఐ చేయిద్దాం. ఏ కోతా లేకుండా లోపల ఎలా ఉందో తెలుస్తుంది."

ఆదివారం చర్చిలో ప్రార్థన అవసరతలు చెప్పమంటే మత్తయి లేచి నిలబడ్డాడు. ముందు కూర్చున్న ఆడవాళ్లు వెనక్కి తిరిగారు. జబ్బు ఎక్కడో చెప్పడానికి నోరు రాలేదు.

"పానం జర మంచిగుంటలేదు" అని కూర్చున్నాడు. జ్వరమనుకుని అందరూ ప్రార్థన చేశారు.

స్కానింగ్ సెంటర్‌లో టెక్నీషియన్ జోస్నా అడిగింది. "మీతోని ఎవరొచ్చిండ్రు?"

"ఎవ్వల్లేరమ్మా."

"ఏం పని చేస్తరు?"

"వెల్డింగ్."

"కంట్ల ఎప్పుడన్న ఇనుప రజను పడ్డదా?"

"మస్తుసార్లు. తీపిచ్చుకున్న."

"గా మిషన్ పెద్ద అయస్కాంతం, అంకుల్. కంట్ల చిన్న ముక్క మిగిలినా గుంజుతది. ముందుగాల ఎక్స్‌రే తీద్దాం."

ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. తర్వాత అతన్ని పడుకోబెట్టి, చేతికి రబ్బరు బంతి ఇచ్చి, భయమైతే నొక్కమంది. మిషన్ దడదడా మోగింది. మత్తయి కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి చప్పుడు ఆగి, చెవులకు పెట్టిన హెడ్‌ఫోన్లలో జోస్నా గొంతు వినిపించింది.

"అంకుల్, మంచిగున్నరా?"

ఎలీశమ్మ పోయాక ఆ మాట ఎవరూ అడగలేదు. అతను కళ్లు తెరిచాడు.

"అంకుల్?"

"ఉన్న బిడ్డా. మంచిగనే ఉన్న."

రిపోర్టు చూసి డాక్టర్ నవ్వాడు. "అనుమానించాల్సిన మచ్చలేవీ లేవండి. గ్రంథి కాస్త పెరిగింది, అంతే. మందులు వాడండి. ఆరు నెలలకు రక్తపరీక్ష మళ్లీ చేద్దాం."

మెట్రోలో కూర్చుని మత్తయి ఫోన్ తీశాడు. ఎవరికి చెప్పాలి? పేర్లన్నీ చూశాడు. ఐరన్ షాపులు, పెయింట్ షాపులు, గ్రిల్స్ చేయించుకున్న ఇళ్లవాళ్లు. ఫోన్ జేబులో పెట్టేశాడు.

దిగాక, కిటికీ కొలతలకు వస్తానన్న ఓ ఇంటికి వెళ్లాడు. ఆ ఇంటావిడ అరుణజ్యోతిని చూడటం అదే మొదలు. టేపు పట్టి కొలుస్తూ ఉండబట్టలేకపోయాడు.

"ఇయ్యాల దవాఖానల క్యాన్సరేం కనవడలేదన్నరమ్మా."

ఆమె తికమకగా చూసింది. "ఎవలికి?"

"నాకే."

"అయ్యో, గట్లనా! కూసోండ్రి, చాయ్ పెడ్త."

మత్తయి కూర్చున్నాడు. చాయ్ అయిపోయినా చాలాసేపు గ్లాసు చేతిలోనే పట్టుకున్నాడు.