నాలుగో మనిషి పేరు

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. నమ్మేవాళ్ళ మీద నాకు జాలి కూడా లేదు, ఉన్నది ఏవగింపే. మా జహీరాబాద్ చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్ళినా ఫలానా మలుపులో తెల్లచీర కనపడిందని వేలు పెట్టి చూపిస్తారు. అదే ఊళ్ళో ఎవరు ఎవరిని చంపారని అడిగితే ఆకాశం వైపు చూస్తారు. చంపినవాణ్ణి మరిచిపోయి దయ్యాన్ని గుర్తుపెట్టుకునే జనం మాటలు నేనెందుకు వినాలి?

జనం మరిచిన ఘోరాల మీద డాక్యుమెంటరీలు తీయడం నా పని. ఈ పని చేసేవాళ్ళ మీదా నాకు పెద్ద గౌరవం లేదు. ముసలివాళ్ళు ఏడ్చేదాకా కెమెరా ఆపరు, ఏడ్చాక టీ తాగడానికి పోతారు. నేనూ అంతే. కాకపోతే నేను టీ ముందే తాగేవాణ్ణి.

ఝరాసంగం దగ్గర ఒక ఊళ్ళో మార్తమ్మ అనే అవ్వ కథ నాకు అలాగే దొరికింది. నిజాం కాలంలో ఆ ఊరి దొరకు జొన్నల పాతరలు ఉండేవి. పాతర అంటే ధాన్యం దాచే లోతైన గొయ్యి, పైన బండ మూత. మార్తమ్మ తండ్రి, ఇంకో ముగ్గురు కలిసి ఒకరోజు, ఇక వెట్టి చేసేది లేదన్నారు. దొర నలుగురినీ పాతరలోకి తోయించి బండ మూయించాడు. తెల్లారి, దొంగతనానికి దిగి ఊపిరాడక చచ్చారని చాటించాడు. ఊరు ఇవాళ్టికీ వాళ్ళను దొంగలనే అంటుంది. అప్పుడు ఆరేడేళ్ళ పిల్లయిన మార్తమ్మ ఎనభై దాటినా తలుపు వేసుకుని పడుకోదు.

మూసిన పాతరలో ధాన్యం వల్ల గాలి చెడిపోతుంది. అందుకని ముందు వెలిగించిన లాంతరును, అవ్వ మాటలో కందిలిని, తాడుతో దింపి, దీపం నిలిస్తేనే మనిషి దిగాలి. అవ్వ దగ్గరున్న సాక్ష్యం అదొక్కటే.

"మా నాయిన దొంగ కాదు బిడ్డా. పాతర తీసుడే ఆయన పని. కందిలి దింపకుంట దిగుతడా?" అంది.

ఆ ఒక్క మాట సినిమాలో ఉంటే చాలు, ఆమెకు ఇంకేమీ అక్కర్లేదు. నాకు మాత్రం నలుగురి పేర్లూ కావాలి. అవ్వకు తెలిసినవి మూడే. నాలుగోవాడు బీదర్ దిక్కు నుంచి పనికి వచ్చిన కూలి. వచ్చి నెలైనా కాలేదట. తెరమీద మూడు పేర్లు వేసి నాలుగో చోట ఖాళీ వదిలితే సినిమాకు డబ్బిచ్చే పెద్దమనుషులకు నచ్చదు. స్క్రిప్టులో బసప్ప అని రాసేశాను. ఆ దిక్కున వీధికొక బసప్ప ఉంటాడు, పోయేదేముంది?

అసలు పాతర పూడ్చేసి దొర మనవలు దాని మీద అల్లం పండిస్తున్నారు. అటు అడుగు పెట్టనివ్వలేదు. కాబట్టి అవ్వ చెలక పక్కన జేసీబీతో పదడుగుల కొత్త గొయ్యి తవ్వించాను. వెడల్పు మూతి, రెండు రోజులుగా తెరిచే ఉంది. అందులో ఒక్క జొన్నగింజ కూడా ఎన్నడూ పడలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

పట్టపగలు షూటింగ్. కెమెరా పట్టింది సలీం, పెళ్ళిళ్ళ వీడియోలు తీసేవాడు. తాడు నా చేతిలోనే ఉంది. ఒక్కో పేరు చదివి, వెలుగుతున్న లాంతరును అడుగుదాకా దింపి పైకి తీయాలి. మూడు పేర్లకు మూడుసార్లు దిగింది, వెలుగుతూనే వచ్చింది. నాలుగోసారి బసప్ప అని చదివి దింపాను. సగం లోతులో ఆరిపోయింది.

"అన్నా, వత్తి సూడు జర," అన్నాడు సలీం.

వత్తి కత్తిరించాను, కిరసనాయిలు నిండా పోశాను. గాలి తగలకుండా గాజుచిమ్నీ ఉండనే ఉంది. మళ్ళీ పేరు చదివి దింపాను. మళ్ళీ సగంలోనే ఆరింది. మూడోసారీ అంతే. సలీం నిచ్చెన మీద కిందికి దిగి, అడుగున కూర్చుని బీడీ ముట్టించి కొసదాకా కాల్చాడు. ఏ పేరూ పలకకుండా లాంతరు దింపితే అతని మోకాలి పక్కకు వెలుగుతూ వచ్చి ఆగింది. అతను పైకొచ్చాక బసప్ప అని చదివి దింపాను. ఆరిపోయింది.

నాకు ఒళ్ళు మండింది. నిజం చెప్పాలంటే భయం కంటే ముందు వచ్చింది కోపమే. ఇన్నాళ్ళూ నేను వెక్కిరించినవాళ్ళ వరసలోకి ఒక డొక్కు లాంతరు నన్ను నెడుతోంది.

అంతసేపూ గట్టు మీద కూర్చున్న మార్తమ్మ లేచి వచ్చింది. నా స్క్రిప్టు వైపు తిట్టినట్టే చూసింది.

"తెల్వకుంటె తెల్వదని చెప్పు. ఎవ్వని పేరో తెచ్చి ఎవ్వనికో పెడ్తవా? దొరోళ్ళు దొంగలని పేరు పెట్టిన్రు, నువ్వు గిది పెడ్తున్నవ్."

లాంతరు తనే వెలిగించి తాడు పట్టుకుంది. "నీ పేరు నాకు తెల్వది నాయినా, మాఫ్ చెయ్యి" అంటూ దింపింది. దీపం అడుగుకు చేరింది. ఆమె పైకి లాగేదాకా అక్కడే నిలకడగా వెలిగింది.

ఆ రోజు తీసినదంతా నా దగ్గరుంది. లాంతర్లు బాగుచేసే ముసలాయనకు, ఒక సైన్సు టీచరుకు చూపించాను. చెరో కారణం చెప్పారు, ఒకదానితో ఒకటి పొసగలేదు. ఆ మాట ఎత్తితే సలీం లేచి వెళ్ళిపోతాడు. అవ్వ తండ్రి దొంగ కాదన్న మాట సినిమాలో ఉంది. నాలుగో పేరు చోట ఖాళీయే ఉంది. పెద్దమనుషులు మొహం చిట్లించారు, చిట్లించనీ.

ఇప్పుడు ఆదివారాలు బీదర్ దిక్కు ఊళ్ళు తిరుగుతున్నాను. మీ ఇంట్లోంచి వెనకటికి మా వైపు పనికి వచ్చి తిరిగిరాని మనిషి ఉన్నాడా అని అడుగుతున్నాను. ఒకప్పుడు నేను దయ్యాలవాళ్ళను చూసినట్టే నన్ను చూస్తున్నారు. మొన్న ఒక పెద్దాయన అరుగు మీద కూర్చోబెట్టి, మా చిన్నతాత ఒకడు పోయి రాలేదంటారు, బసప్ప అయి ఉండొచ్చు అన్నాడు.

కాదన్నాను.

"పేరు తెల్వదంటవు, బసప్ప కాదంటవు. ఎట్ల తెలుసు నీకు?" అన్నాడు.

ఫోనులో లాంతరు ఆరిన వీడియో పెట్టి ఆయన చేతికిచ్చాను.