రోగి కదిలాడు

ఆ రెండు మాటలు టైపు చేసింది నేను. చేయమన్నది మా విభాగం పెద్దడాక్టరు. ఆయన చెప్పాడు కాబట్టి చేశానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. వినీ వినీ నా మీద నాకే అసహ్యం పుట్టింది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

రెండు వేల దశకం చివర్లో అనంతపురం పొలిమేరలోని ఒక ఆసుపత్రిలో ఎమ్మారై టెక్నీషియన్‌గా పనిచేసేవాణ్ణి. బెంగళూరు వాళ్లు ఒక క్యాన్సర్ మందును ఐదారు ఆసుపత్రుల్లో పరీక్షిస్తున్నారు. మాదీ అందులో ఒకటి. మందు పనిచేస్తోందో లేదో గడ్డలోని నీటి కదలికను బట్టి చెప్పాలి. కణాలు కిక్కిరిసి ఉంటే వాటి మధ్య నీటికి మెసలడానికి చోటుండదు. మందుకు కణాలు చస్తే చోటు దొరుకుతుంది, నీరు కదులుతుంది. ఎమ్మారై ఆ కదలికను కొలిచి ఒక అంకె ఇస్తుంది.

ఇన్ని ఊళ్లలో ఇన్ని యంత్రాలు. అన్నీ ఒకేలా కొలుస్తున్నాయని నమ్మేదెలా? అందుకు నెలకోసారి ఒక నీళ్ల గొట్టాన్ని నలగగొట్టిన ఐసులో గంటసేపు ఉంచి స్కాన్ చేయాలి. ఐసంత చల్లగా మారిన నీరు బెంగళూరులోనైనా మా ఊళ్లోనైనా ఒకేలా కదులుతుంది. అంకె మారిందంటే తప్పు యంత్రానిది. బడిపిల్లలకు కూడా అర్థమయ్యే సంగతి. మా పెద్దడాక్టరు దాన్ని 'ఐసు పూజ' అనేవాడు. మేం నవ్వేవాళ్లం.

ఆ ఏప్రిల్‌లో కరెంటు ఎక్కువ తక్కువలకు యంత్రంలో ఒక బోర్డు కాలిపోయింది. ఇంజనీరు కొత్తది వేసి వెళ్లాడు. కాబట్టి ఆ నెల ఐసు పరీక్ష తప్పకుండా చేయాలి. పాతూరు నుంచి ఐసుగడ్డ రంపపు పొట్టులో, గోనెసంచిలో చుట్టుకుని ఆటోలో రానే వచ్చింది. అదే పొద్దున బెంగళూరు నుంచి ముగ్గురు తనిఖీకి దిగారు. మా పనిలో నాణ్యత చూడటానికట.

వాళ్లలో ఒకాయన కారు దిగుతూనే మెడ తుడుచుకుని, ఈ ఎండల్లో మనుషులెలా బతుకుతున్నారని అడిగాడు. మా పెద్దడాక్టరు నవ్వి నా వైపు తిరిగాడు.

"ఏమప్పా, ఆ ఐసు కొట్టి నన్నారి షర్బత్‌లోకి వేయించు. సార్లు ఎండకు వాడిపోయినారు."

"అది గొట్టానికి తెప్పించింది సార్. బోర్డు మార్చినారు కదా..."

"పోయిన నెల ఎంతొచ్చింది? అదే రాయి. నీళ్లు నీళ్లే కదప్పా, నెలకొక తూరి గుణం మార్చుకుంటాయా?"

రాశాను. పొట్టు కడిగి, సుత్తితో ఐసు పగలగొట్టి, గ్లాసుల్లో వేసి నేనే అందించాను. నాణ్యత చూడవచ్చిన ముగ్గురూ నాణ్యత పరీక్షను రెండేసి గ్లాసులు తాగారు. నిమ్మకాయ ఇంకొంచెం పిండాల్సిందని ఒకాయన సలహా కూడా ఇచ్చాడు. తర్వాత, పోయిన నెలకూ ఈ నెలకూ ఇసుమంత తేడా లేదని మెచ్చుకుంటూ నా దొంగ అంకె కింద సంతకాలు పెట్టారు.

మరునాడు విడపనకల్లు వైపు నుంచి ఒక గొర్రెల కాపరి వచ్చాడు. నలభై దాటిన మనిషి, తొడలో గడ్డ. మందు మొదలుపెట్టి రెండు నెలలైంది. మందు పనిచేస్తుంటే కాలు ఉంటుంది. లేదంటే జబ్బు ఊపిరితిత్తులకు పాకకముందే కాలు తీసేయాలి. అది తేల్చే స్కాన్ ఇదే. కదలకూడదు, మాట్లాడకూడదు అని గట్టిగా చెప్పాను.

"కట్టె మింద గడ్డం ఆనిచ్చి పూటంతా గొర్లకాడ నిలబడేటోన్ని సార్. పండుకోమంటే కష్టమా?" అన్నాడు.

అంత నిశ్చలంగా పడుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. మధ్యలో నాకే భయమేసి మైకులో పిలిచాను.

"ఉండానప్పా. మాట్లాడొద్దన్నేది నువ్వే, పిలిచేది నువ్వే" అన్నాడు.

అంకె తక్కువ వచ్చింది. అంటే నీరు కదలడం లేదు, మందు పనిచేయడం లేదు. గడ్డ చేతికి మెత్తబడినట్టే తగులుతోందని మా సర్జన్ అనుమానపడ్డాడు. చేతికంటే అంకె గొప్పదని బెంగళూరు తీర్పు చెప్పింది. కాలు తీసేశారు. తీసిన గడ్డను ల్యాబులో కోసి చూస్తే దాదాపు అంతా చచ్చిపోయి ఉంది. మందు పనిచేసింది.

అప్పుడు ఐసు తెప్పించి, తలుపేసుకుని పరీక్ష చేశాం. కొత్త బోర్డుతో యంత్రం తక్కువ చూపిస్తోంది. పెద్దడాక్టరు ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"బెంగళూరోళ్లు కారణం అడుగుతాండారు. పల్లెటూరోడు, కదిలింటాడులే. కదిలినాడని రాయి."

రోగి కదిలితే బొమ్మ చెదురుతుంది. కాపరి బొమ్మ అద్దంలా ఉంది. బెంగళూరులో అన్ని పట్టాలున్న వాళ్లలో ఒక్కడూ దాన్ని తెరిచి చూడలేదు. ఆ రెండు మాటలు అందరికీ సుఖంగా ఉన్నాయి, ఒప్పేసుకున్నారు. ఇంటికి పంపే రోజు ఆ మాట కాపరికి చెప్పింది కూడా నేనే. అతను తెగిన చోటు వైపు చూసుకుని, "నాకు తెలీకుండా కదిలింటాలే సార్" అన్నాడు.

పెద్దడాక్టరు శాలువాలు కప్పించుకుని రిటైరయ్యాడు. ఇప్పుడు కాలేజీల్లో వైద్యంలో విలువల మీద ఉపన్యాసాలిస్తున్నాడు. ఆయన్ని తిట్టడం సులువే. సుత్తి పట్టింది మాత్రం నా చేయి.

పోయిన నెల విడపనకల్లు దాటి అతని ఊరికి వెళ్లాను. ఇంటి ముందు నులకమంచం మీద కూర్చుని వేరుశనగకాయలు వలుస్తున్నాడు. బోర్డు, ఐసు, షర్బత్, దొంగ అంకె అన్నీ చెప్పాను. వలుస్తున్న చేతులు ఆగాయి.

"అంటే నేను కదల్లేదా?"

"లేదు. వెంట్రుకవాసి కూడా కదల్లేదు."

"ఈ మాట ఆ పొద్దే చెప్పింటే, ఇన్నేండ్లు దీనితో మాటలు పడేది తప్పేది కదప్పా" అన్నాడు ఇంట్లోకి చేయి చూపిస్తూ. అంతలోనే గొంతెత్తాడు. "ఓమే! ఇంటివా? నేను కదల్లేదంట!"

కాసేపు కుదురుగా పడుకోలేక కాలు పోగొట్టుకున్నావని ఇన్నేళ్లూ అతన్ని దెప్పిన భార్య చేట పట్టుకుని గడపలోకి వచ్చింది. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"అట్లయితే ఆ కాలు యాడ పెట్టినారో తెచ్చియ్యమను" అంది.

చేట అతని ఒళ్లో పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఎండలో అంతదూరం పోయినవాడికి ఆ ఇంట్లో మంచినీళ్లు ఇవ్వలేదు. అడగడానికి నాకు నోరు రాలేదు.